సీడీకే-4 లేని చిట్టెలుక

ఉల్లిగడ్డను నీళ్ల గ్లాసు మూతి మీద కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. ఆ వేరు కొసను కత్తిరించి, రంగు పట్టించి, గాజు పలక మీద బొటనవేలితో అదిమి మైక్రోస్కోపు కింద పెడితే కణాలు చీలుతూ చీలుతూ ఎక్కడివక్కడ ఆగిపోయి కనిపిస్తాయి. ఒకదానిలో క్రోమోజోములు నడిమధ్య వరుస కట్టి ఉంటాయి. పక్కదానిలో సగం ఇటూ సగం అటూ కొసలకు చేరుతుంటాయి. అనంతపురంలో జువాలజీ లెక్చరర్‌గా ఉన్నన్నాళ్లూ ఆ స్లైడ్లను పక్కనున్న బోటనీ ల్యాబు నుంచి అడిగి తెచ్చి మా పిల్లలకు చూపించేదాన్ని. ప్రొఫేజ్, మెటాఫేజ్, అనాఫేజ్, టీలోఫేజ్ అని వాళ్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు. పరీక్షలో వచ్చేదీ అదే.

కంబదూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక అమ్మాయి మాత్రం మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అడిగింది: "చీలమని దానికి ఎవురు చెప్తారు మేడమ్? ఇంక చాలు, ఆగమని ఎవురు చెప్తారు?"

ఆ ప్రశ్నకు పాఠ్యపుస్తకంలో ఉన్న జవాబు కొన్ని పంక్తులే. అసలు జవాబును శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతూ వచ్చారు. అందులో ఒక పెద్ద భాగం చిట్టెలుకల ఒంట్లో దొరికింది. ఆ భాగంలోనూ ఒక ముఖ్యమైన ముక్కను వెలికితీసిన వాళ్లలో ఉస్మానియాలో చదువుకున్న శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆ ముక్క క్యాన్సర్‌కూ, చక్కెర జబ్బుకూ రెంటికీ సంబంధించింది. వీధికి పదిమంది షుగరు మాత్రలు మింగుతున్న మా ఊళ్లలో ఆ సంగతి ఎవరికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన ఎముకల మజ్జ ఒక్క సెకనులో దాదాపు 20 లక్షల ఎర్రరక్తకణాలను తయారుచేస్తుంది. పేగు లోపలి పొర కొద్దిరోజులకోసారి కొత్తదవుతుంది. అదే ఒంట్లో మెదడులోని నాడీకణాలు చాలావరకు పుట్టుకతో వచ్చినవే, మళ్లీ చీలవు. కొడవలి తగిలి చెయ్యి తెగితే గాయం అంచుల్లోని చర్మకణాలు చీలడం మొదలుపెట్టి, గాయం పూడగానే మానుకుంటాయి. ఏ కణం ఎప్పుడు చీలాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఇంత కచ్చితంగా నడవకపోతే మనిషే లేడు. ఊరుకోవాల్సిన కణం ఊరుకోకపోతే వచ్చేది క్యాన్సర్. చీలాల్సిన కణం చీలకపోతే వచ్చే జబ్బులు కూడా తక్కువేం కాదు.

దీన్ని నడిపే జన్యువులను మొదట పట్టిచ్చింది ఈస్టు. అమెరికాలో లేలాండ్ హార్ట్‌వెల్ రొట్టెలు పొంగించే ఈస్టుతో పనిచేశాడు. ఇంగ్లండులో పాల్ నర్స్ పనిచేసింది మరో రకం ఈస్టుతో. దాన్ని మొదట వేరుచేసింది తూర్పు ఆఫ్రికావాళ్లు చిరుధాన్యాలతో కాచుకునే బీరులోంచి. విభజన గాడి తప్పిన ఈస్టు కణాలను ఏరి, వాటిలో ఏ జన్యువు చెడిందో వీళ్లు పట్టుకున్నారు. 1982లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లలో ఒక వింత చూశాడు. ఒక ప్రొటీను కణం చీలబోయే ముందు పోగవుతోంది, చీలే వేళకు మాయమవుతోంది, మళ్లీ పోగవుతోంది. దానికి సైక్లిన్ అని పేరు పెట్టారు. ఈ ముగ్గురికీ 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించేది 1987లో నర్స్ ప్రయోగశాలలో జరిగిన పని. విభజన జన్యువు చెడిపోయి ఆగిపోయిన ఈస్టు కణంలోకి మనిషి జన్యువును పంపితే ఈస్టు మళ్లీ మామూలుగా చీలింది. ఈస్టుకూ మనిషికీ మధ్య వంద కోట్ల ఏళ్లకు పైగా ఎడం ఉంది. అయినా పనిముట్టు ఒకటే.

మొక్కల్లోనూ అదే పనిముట్టు ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మా నేలలో, పూత మీద ఉన్న శెనక్కాయ పైరు బెట్టకు గురైతే ఆకులు చిన్నవైపోతాయి. నీళ్లు తగ్గాయన్న కబురు అందగానే లేత ఆకుల్లో సైక్లిన్ల పని మందగిస్తుంది, కణాల విభజన తగ్గుతుంది. ఉన్న కాస్త నీటితో బతికి బట్టకట్టడానికి మొక్క చేసుకునే ఏర్పాటది.

సైక్లిన్ ఒక్కటే ఏమీ చేయలేదు. అది ఒక ఎంజైముతో జతకట్టాలి. ఆ ఎంజైములను సైక్లిన్ డిపెండెంట్ కైనేజులు అంటారు, పొట్టిగా సీడీకేలు. పాలిచ్చే జంతువుల్లో ఇవి చాలా ఉన్నా విభజనకు ముఖ్యమైనవి 1, 2, 4, 6 నంబర్లవి. పెరగమని బయటి నుంచి హార్మోనో మరొకటో కబురు తెస్తే కణంలో సైక్లిన్-డి తయారవుతుంది. అది సీడీకే-4తోనో సీడీకే-6తోనో కలుస్తుంది. ఆ జంట వెళ్లి ఆర్‌బీ అనే ప్రొటీనుకు ఫాస్ఫేటు అంటిస్తుంది. అంతవరకు ఆర్‌బీ కదలనివ్వకుండా పట్టి ఉంచిన ఈ2ఎఫ్ అనే ప్రొటీన్లు అప్పుడు విడుదలై, డీఎన్‌ఏకు నకలు తీసే జన్యువులను పనిలోకి దించుతాయి. నకలు మొదలైందంటే ఇక కణం వెనక్కి తగ్గడం అరుదు. ఆపేవీ ఉన్నాయి. పీ16 అనే ప్రొటీను సీడీకే-4ను అంటిపెట్టుకొని పనిచేయనివ్వదు. పీ27 మరికొన్ని సీడీకేలను నెమ్మదింపజేస్తుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే పీ53 మొత్తాన్నీ నిలిపేస్తుంది.

ఇదంతా ఎక్కువగా గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద తేలిన సంగతి. ఆ పాత్రలో కణానికి తిండికి కొదవ లేదు, పక్కన కాలేయం లేదు, రక్తం ప్రవహించదు, వయసు మీద పడదు. ఒంట్లో కూడా ఇదే జరుగుతోందా? ఫలానా జన్యువు నిజంగా ఏ అవయవంలో అవసరం? దానికి నాకౌట్ ఎలుక కావలసి వచ్చింది.

మా జిల్లావాళ్లకైతే దీన్ని వలసతో చెప్తాను. పంట ఎండిన ఏడు ఇంట్లో ఒకరు బెంగళూరుకు కూలికి పోతారు. ఆ మనిషి ఉన్నప్పుడు ఏమేం పనులు చేస్తాడని అడిగితే ఇంట్లోవాళ్లు రెండో మూడో చెప్తారు. మనిషి పోయిన నెలకు గానీ అసలు లెక్క తేలదు. కొన్ని పనులు తమ్ముడు ఎత్తుకుంటాడు. ఆయన లేకపోతే నడవదనుకున్న పని నడిచిపోతుంది. ఎవరూ పట్టించుకోని పని ఒకటి ఆగిపోయి ఇల్లంతా అల్లాడుతుంది. నాకౌట్ ఎలుకలో తీసేసేది ఒక్క జన్యువును. ఆ తర్వాత ఏ పని ఆగింది, ఏ పనిని ఇంకో జన్యువు ఎత్తుకుంది అని ఎలుక పుట్టిన దగ్గర నుంచి చచ్చేదాకా చూస్తారు.

తీసేయడం అంత తేలిక కాదు. గర్భసంచికి అతుక్కోకముందు, మూడు నాలుగు రోజుల పిండంలో ఉండే కొన్ని కణాలు ఏ అవయవంగానైనా మారగలవు. వాటిని బయట పెంచవచ్చని 1981లో కేంబ్రిడ్జిలో మార్టిన్ ఇవాన్స్, మాథ్యూ కాఫ్‌మన్ చూపించారు. ఆ మూలకణాల్లోని ఒక జన్యువును గురిచూసి మార్చే దారిని మారియో కాపెక్కీ, ఆలివర్ స్మితీస్ ఎవరికి వారుగా కనిపెట్టారు. జన్యువుకు అటూ ఇటూ ఉన్న డీఎన్‌ఏ వరుసను అచ్చం అలాగే ఉంచి, నడుమ ముఖ్యమైన భాగానికి బదులు ఒక మందును తట్టుకునే జన్యువును పెట్టి ఒక ముక్క తయారుచేస్తారు. దాన్ని కరెంటు తాకిడితో మూలకణాల్లోకి పంపుతారు. చాలా అరుదుగా ఒక కణం తన సొంత భాగాన్ని వదిలేసి ఈ ముక్కను అదే చోట చేర్చుకుంటుంది. ఆ మందు పోస్తే ముక్క చేరని కణాలు చచ్చిపోతాయి. మిగిలినవాటిలో సరైన చోట చేరినవేవో మళ్లీ పరీక్షించి ఏరాలి.

సాధారణంగా గోధుమరంగు ఎలుకల నుంచి తీసిన మూలకణాలను నల్ల ఎలుక పిండంలోకి సన్నటి గాజు సూదితో ఎక్కిస్తారు. ఆ పిండాన్ని మరో ఆడ ఎలుక గర్భంలో పెడతారు. మూడు వారాలకు పుట్టిన పిల్లల ఒంటి మీద నలుపూ గోధుమరంగూ కలిసి మచ్చలుంటే ప్రయత్నం సగం ఫలించినట్టు. మార్చిన కణాలు వీర్యం దాకా చేరితేనే తర్వాతి తరానికి మార్పు అందుతుంది. ఆ తరంలో పిల్లలకు రెండు ప్రతుల్లో ఒకటి చెడి, ఒకటి మంచిగా ఉంటుంది. అలాంటి రెంటిని జతపరిస్తే నాలుగింట ఒక పిల్లకు రెండు ప్రతులూ ఉండవు. తోక కొస నుంచి చిన్న ముక్క తీసి డీఎన్‌ఏ పరీక్ష చేసి అది ఏదో తేలుస్తారు. నాలుగో వంతు రావాల్సిన చోట ఈతల మీద ఈతలు ఒక్కటీ రాకపోతే అదే జవాబు: ఆ జన్యువు లేనిదే పిండం నిలవదు.

ఈ పద్ధతిలో తొలి ఎలుకలు 1989లో పుట్టాయి. కాపెక్కీ, ఇవాన్స్, స్మితీస్‌లకు 2007లో నోబెల్ వచ్చింది. 2013 నుంచి క్రిస్పర్ అనే జన్యువుల కత్తిరింపు పద్ధతితో ఏడాదికి పైగా పట్టే పని కొన్ని నెలల్లో అవుతోంది.

ఎలుకల ప్రాణం సంగతి అడగకుండా ఏ తరగతీ వదిలిపెట్టలేదు నన్ను. అడగాలి కూడా. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన కమిటీ దగ్గర నమోదు కాని సంస్థ జంతువుల మీద ప్రయోగం చేయకూడదు. ఎన్ని ఎలుకలు, ఎందుకు, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు అన్నది సంస్థలోని నైతిక సంఘం ముందు చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. ఎలుక లేకుండా తేలే ప్రశ్నకు ఎలుకను వాడకూడదనే నేనూ నమ్ముతాను. ఇక్కడ చెప్పబోయే ప్రశ్న అలా తేలేది కాదు.

ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లారు. 1982లో అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థలో స్పెయిన్‌కు చెందిన మరియానో బార్బాసిడ్‌తో కలిసి, మనిషి మూత్రాశయపు క్యాన్సర్ కణాల్లోని రాస్ అనే జన్యువును అక్షరం అక్షరం చదివారు. ఆరోగ్యంగా ఉన్న రాస్‌కూ క్యాన్సర్ రాస్‌కూ తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం మారినందుకు ప్రొటీనులో 12వ చోట గ్లైసీన్ పోయి వేలీన్ వచ్చింది. అదే సమయంలో మరో రెండు బృందాలు కూడా ఇదే కనిపెట్టాయి. మనిషి క్యాన్సర్‌కు వెనుక జన్యువులో ఇంత చిన్న మార్పు ఉండగలదని ప్రపంచానికి తొలిసారి తెలిసింది అప్పుడే.

ఆ స్నేహం 1990ల దాకా సాగింది. రెడ్డి ఫిలడెల్ఫియాలో టెంపుల్ విశ్వవిద్యాలయంలోని ఫెల్స్ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. బార్బాసిడ్ మాడ్రిడ్‌లో స్పెయిన్ జాతీయ క్యాన్సర్ పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టడానికి స్వదేశం వెళ్లాడు. స్పెయిన్ అనగానే అనంతపురం మనిషికి విన్సెంట్ ఫెర్రర్ గుర్తొస్తాడు. 1969లో ఇక్కడికి వచ్చి, 2009లో ఇక్కడే కన్నుమూసిన మనిషి. ఆయన సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రికి వెళ్లని ఇల్లు మా పల్లెల్లో తక్కువ. తెలుగుదేశానికీ స్పెయిన్‌కూ మరో బంధం కూడా ఉందని, అది ఎలుకల ఒంట్లో దాగిన ఒక జన్యువు గురించి అని చెప్తే మా పిల్లలు చెవులు రిక్కించి వినేవాళ్లు.

ఇద్దరి బృందాలూ కలిసి సీడీకే-4 మీద పనిచేశాయి. 1999లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. మొదటి రచయిత సుశీల్ రాణే. వాళ్లు రెండు రకాల ఎలుకలను పుట్టించారు. ఒక రకానికి సీడీకే-4 అసలే లేదు. రెండో రకానికి సీడీకే-4 ఉంది, కానీ 24వ చోట ఒక అమైనో ఆమ్లం మార్చడం వల్ల పీ16 దాన్ని పట్టుకోలేదు. అంటే ఒక దాంట్లో నడిపించేది లేదు, ఇంకొక దాంట్లో ఆపేదానికి చిక్కదు. ఆ రెండో మార్పు ఊహించి పెట్టింది కాదు. చర్మంలో వచ్చే మెలనోమా అనే క్యాన్సర్ వంశంలో నడిచే కొన్ని కుటుంబాల్లో అదే మార్పు కనిపించింది.

సీడీకే-4 విభజనకు తొలి మెట్టు దగ్గర ఉండే ఎంజైము. అది లేకపోతే పిండమే కట్టదనుకోవడం సహజం. ఎలుకలు మాత్రం పుట్టాయి, బతికాయి, తిరిగాయి. పిండాల నుంచి తీసి పెంచిన కణాలు కూడా మామూలుగానే చీలాయి. ఆకలితో ఆపి మళ్లీ తిండి పెట్టినప్పుడు మాత్రం కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టాయి. అయితే ఎలుకలు తోటివాటి కంటే చిన్నగా ఉన్నాయి. వాటికి పిల్లలు కలగలేదు. ఇంకొకటి ఎవరూ ఎదురుచూడనిది: వాటికి చక్కెర జబ్బు వచ్చింది.

"ఎలుకకు షుగరు వస్తాదా మేడమ్?" అని ఈ కథ చెప్పిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. వస్తుంది. మనిషిలాగే పదేపదే నీళ్లు తాగుతుంది, పదేపదే మూత్రం పోస్తుంది, పంజరంలో పరిచిన పొట్టు తడిసి ముద్దవుతుంది. సీడీకే-4 లేని ఎలుకల క్లోమాన్ని కోసి చూస్తే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు బాగా తగ్గిపోయి ఉన్నాయి. పుట్టాక ఒళ్లు పెరిగే రోజుల్లో ఆ కణాలు కూడా పెరగాలి, పెరగలేదు. ఒంట్లోని మిగతా కణాలు చాలావరకు సీడీకే-4 లేకుండా నెట్టుకొచ్చాయి. బీటా కణాలకు మాత్రం అది లేక గడవలేదు. రెండో రకం ఎలుకల్లో సరిగ్గా దీనికి తలకిందులు. పీ16 మాట వినని సీడీకే-4 వల్ల బీటా కణాలు అవసరానికి మించి పెరిగిపోయాయి. ఆ రకం ఎలుకలకు వయసు వచ్చేకొద్దీ రకరకాల కణితులు వస్తాయని తర్వాతి ఏళ్లలో తేలింది. 1999లోనే చికాగోలో హిరోయాకి కియోకావా బృందం విడిగా పుట్టించిన సీడీకే-4 లేని ఎలుకలు కూడా చిన్నగానే ఉన్నాయి, వాటికీ పిల్లలు కలగడంలో లోపం కనిపించింది.

గాజు పాత్రలో ఎన్నేళ్లు చూసినా ఇది దొరికేది కాదు. పాత్రలోని కణానికి చక్కెర జబ్బు రాదు.

బీటా కణాలే ఎందుకు? చాలా కణాల్లో సీడీకే-4కు తోడు సీడీకే-6 ఉంటుంది, ఒకటి లేకపోతే ఇంకొకటి పని చూసుకుంటుంది. ఎలుక బీటా కణాల్లో సీడీకే-6 దాదాపు లేదు. ఇంటికి ఒక్కడే ఉండి వాడూ వలసపోయినట్టయింది. 2003లో బార్బాసిడ్ బృందం మరో మెట్టు ఎక్కింది. సీడీకే-4 లేని ఎలుకలోనే, ఒక్క బీటా కణాల్లో మాత్రం ఆ జన్యువును తిరిగి పనిచేయించింది. చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. ఎలుక మాత్రం చిన్నగానే మిగిలింది. అంటే ఒంటి పరిమాణం చిన్నది కావడం, చక్కెర జబ్బు రావడం ఒకే జన్యువు చేసే రెండు వేర్వేరు పనుల ఫలితం. నాకు ఈ ప్రయోగం అంటే ప్రత్యేకమైన ఇష్టం. తీసేసి జబ్బు తెప్పించడంతో ఆగకుండా, తిరిగి పెట్టి నయం చేసి చూపిస్తేనే కారణం గట్టిగా రుజువైనట్టు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మా వీధుల్లో ఉన్న షుగరు ఎక్కువగా టైప్-2 రకం. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం, తిండి, పని తగ్గడం, వంశం, ఏళ్లతరబడి పనిచేసి బీటా కణాలు అలసిపోవడం, ఇవన్నీ కలిసి వచ్చేది. సీడీకే-4 లోపం వల్ల వచ్చేది కాదు. పైగా మనిషి బీటా కణాల్లో సీడీకే-6 కూడా ఉంది. కాబట్టి ఎలుకలో చూసినదాన్ని తెచ్చి మనిషికి అంటగట్టకూడదు. అయినా బీటా కణాల సంఖ్యను విభజన యంత్రాంగమే నిర్ణయిస్తుందని, దాన్ని కదిలిస్తే సంఖ్య మారుతుందని ఈ ఎలుకలు రుజువు చేశాయి. తగ్గిపోయిన బీటా కణాలను ఒంట్లోనే మళ్లీ పెంచవచ్చా అని ఈ రోజు పరిశోధిస్తున్నవాళ్లంతా ఈ దారిలో నడుస్తున్నవాళ్లే. ఆ దారిలో ప్రమాదం ఎక్కడుందో కూడా రెండో రకం ఎలుకలే చెప్పాయి. ఆపేదానికి చిక్కకుండా వదిలేస్తే కణితి దాకా పోతుంది.

ఇలాంటి ఆశ్చర్యాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. సీడీకే-2 లేకపోతే కణం డీఎన్‌ఏకు నకలే తీయలేదని పాఠ్యపుస్తకాలు రాశాయి. 2003లో సీడీకే-2 లేని ఎలుకలు పుట్టాయి. శుభ్రంగా పెరిగాయి; లోపమల్లా పిల్లలు కలగకపోవడం. 2007లో బార్బాసిడ్ బృందమే సీడీకే-2, 3, 4, 6 నాలుగూ లేని పిండాలను చూసింది. అవి గర్భంలో సగం కాలం దాకా పెరిగాయి. సీడీకే-1 ఒక్కటే అన్ని పనులూ ఎత్తుకొని ఈదుకొచ్చింది. సీడీకే-1 లేకపోతే మాత్రం పిండం తొలి విభజనల దగ్గరే ఆగిపోతుంది. అంతకు ముందే, 1996లో, ఆపే ప్రొటీన్లలో ఒకటైన పీ27ను తీసేస్తే ఎలుకలు తోటివాటికంటే పెద్దవిగా ఎదిగాయి. వాటి అవయవాల్లో కణాలు ఎక్కువ. ఎలుక ఎలుకంతే ఎందుకుంటుందన్న ప్రశ్నకు జవాబులో ఇదొక భాగం.

1992లో పీ53 లేని ఎలుకలు మామూలుగా పుట్టాయి గానీ ఆరు నెలలు నిండేలోగా నాలుగింట మూడొంతులకు క్యాన్సర్ వచ్చింది. అదే ఏడు ఆర్‌బీ లేని ఎలుకలు పుట్టకుండానే గర్భంలో చనిపోయాయి. ఆర్‌బీ ఒక ప్రతి చెడి పుట్టిన పసిపిల్లలకు కంట్లో రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్ వస్తుంది. ఒక ప్రతి చెడిన ఎలుకలకు మాత్రం కంట్లో ఏమీ రాలేదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వచ్చింది. ఎలుకకూ మనిషికీ జన్యువులు చాలావరకు ఒకటే అయినా ఒళ్లు వేరు. (ఈ సందర్భంలో తల్లులకు ఒక మాట. ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించాలి. త్వరగా పట్టుకుంటే రెటినోబ్లాస్టోమా నయమయ్యే క్యాన్సర్.)

ఇదంతా చివరికి మందుల దుకాణం దాకా వచ్చింది. విభజనను అడ్డుకొని క్యాన్సర్‌ను ఆపడం మన యల్లాప్రగడ సుబ్బారావు కాలం నుంచీ ఉన్నదే. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తక్యాన్సర్ కొంతకాలం వెనక్కి తగ్గడం చూపించాడు. ఆ మందు డీఎన్‌ఏ తయారీకి కావలసిన ముడిసరుకునే ఆపేస్తుంది. చీలే కణం ఏదైనా దానికి ఒకటే. ఫలానా క్యాన్సర్‌కు ఫలానా సీడీకే కావాలని తెలిస్తే దాన్నే ఆపవచ్చు కదా. 2001లో పీటర్ సిసిన్‌స్కీ బృందం సైక్లిన్-డి1 లేని ఎలుకలతో ఒక సంగతి తేల్చింది. రాస్ వంటి కొన్ని క్యాన్సర్ జన్యువులు రొమ్ము కణితిని పుట్టించాలంటే సీడీకే-4తో జతకట్టే సైక్లిన్-డి1 ఉండి తీరాలి. అది లేని ఎలుకలకు వాటివల్ల రొమ్ము క్యాన్సర్ రాలేదు. 1982లో ఒక్క అక్షరం మార్పు దొరికిన రాస్, 1999లో ఎలుకల్లోంచి తీసి చూసిన సీడీకే-4, ఇక్కడ ఒకే దారిలోకి వచ్చాయి.

సీడీకే-4నూ 6నూ కలిపి ఆపే మొదటి మాత్ర పాల్బోసిక్లిబ్. 2015లో అమెరికాలో అనుమతి పొందింది. ఈస్ట్రోజన్ మీద ఆధారపడి పెరిగే, ఒంట్లో వేరేచోట్లకు పాకిన రొమ్ము క్యాన్సర్‌కు హార్మోను మందుతో కలిపి ఇస్తారు. 2023 జనవరిలో మన దేశంలో దాని పేటెంటు గడువు ముగిసింది. హైదరాబాదు కంపెనీలతో సహా చాలామంది తయారుచేయడం మొదలుపెట్టారు. అంతకు ముందు మధ్యతరగతి ఇంటికి ఊహకు కూడా అందని ధర బాగా దిగింది.

మా కాలనీలో ఒకామె ఆ మాత్ర వాడుతోంది. నన్ను అక్కా అని పిలుస్తుంది. మూడు వారాలు మింగి ఒక వారం ఎందుకు మానాలో, ప్రతిసారీ రక్తం ఎందుకు ఇవ్వాలో తనకు అర్థం కాలేదని ఒక సాయంత్రం వచ్చి కూర్చుంది. "ఒళ్లు బాగానే ఉంది కదక్కా, ఈ నెల రక్తపరీక్ష వదిలేస్తే ఏమవుతాది?" అంది.

దానికి జవాబు 2004లో మాడ్రిడ్‌లో దొరికింది. సీడీకే-4, సీడీకే-6 రెండూ లేని ఎలుక పిండాలు చాలా దూరం పెరిగి, పుట్టే ముందు రోజుల్లో తీవ్రమైన రక్తహీనతతో చనిపోయాయి. మిగతా అవయవాలు ఎలాగో నెట్టుకొచ్చినా, రక్తాన్ని తయారుచేసే కణాలకు ఈ రెంటిలో ఒకటైనా ఉండాలి. మాత్ర ఆపేది ఆ రెంటినే. అందుకే క్యాన్సర్ కణాలతో పాటు మజ్జలో తెల్లకణాల తయారీ కూడా నెమ్మదిస్తుంది. మామూలు కీమోథెరపీలో చచ్చినట్టు ఇక్కడ మజ్జకణాలు చావవు, ఆగి ఉంటాయి. మాత్ర మానిన వారం రోజుల్లో తిరిగి చీలడం మొదలుపెడతాయి. 21 రోజులు మాత్ర, 7 రోజులు విరామం అన్న లెక్క అందుకే. అవి తిరిగి లేచాయో లేదో ఒళ్లు చెప్పదు, రక్తం చెప్తుంది. కాగితం తీసి ఎలుక పిండం బొమ్మ గీసి ఆమెకు ఇదంతా చెప్పాను. తెల్లకణాలు బాగా తగ్గి ఉంటే డాక్టరు తర్వాతి విడత మొదలుపెట్టకుండా ఇంకో వారం ఆగమంటారు, లేదా మాత్రను 125 మిల్లీగ్రాముల నుంచి 100కు తగ్గిస్తారు. ఆ నిర్ణయం చేయడానికి ఆయన చేతిలో ఉండేది ఆ పరీక్ష కాగితమే కాబట్టి, ఏ నెలా దాన్ని వదలొద్దని చెప్పాను.